చుక్క మాష్టారి వాంగ్మూలం

నన్నెవరైనా ‘మాష్టారూ’ అని పిలిస్తే ఒళ్ళు మండిపోతుంది. వాళ్ళ మీద కాదు, నా మీదే. ఇరవై మూడేళ్ళుగా కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణి అంతకంటే ఏమని పిలుస్తారు, పాపం! కానీ మా కాలేజీలో ఆ పిలుపుకి అసలు హక్కుదారు వేరే ఉండేవారు. ఆయన్ని నేనేం చేశానో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి తెలుసు, అదీ సగమే.

ఆయన మా ల్యాబ్‌లో గాజు సామాను కడిగే మనిషి. కాగితాల మీద అంతే. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, పందొమ్మిదో ఏట, మేనమామ వదిలేసిన ఖాళీలో చేరారు. కొత్తలో ఫ్లాస్కేదో బీకరేదో తెలియక తిట్లు తిన్నానని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. పొద్దున్నే ఏడున్నరకి వచ్చి, ముందు కిటికీలన్నీ తెరిచి రాత్రంతా గదిలో మగ్గిన అమ్మోనియా వాసనని బయటికి పంపేవారు. తర్వాత చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి తొట్టి దగ్గర నిలబడేవారు. ఏళ్ళ తరబడి నీళ్ళలో, సబ్బులో, అప్పుడప్పుడు యాసిడ్‌లో నానిన వేళ్ళు. చివర్లు తెల్లగా పగిలి ఉండేవి. కడుగుతూ కడుగుతూనే వెనక చెప్పే పాఠాలన్నీ విన్నారు. చెప్పేవాళ్ళు మారారు, సిలబస్ మారింది, ఆయన మాత్రం అక్కడే ఉన్నారు. పదేళ్ళు గడిచేసరికి పాఠం చెప్పేవాళ్ళే ఆయన్ని పక్కకి పిలిచి సందేహాలు అడిగే స్థితి వచ్చింది.

పిల్లలు ఆయన్ని ‘చుక్క మాష్టారు’ అనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని, మనిషి పొద్దున్నే చుక్క వేసుకొస్తాడేమోనని దగ్గరికెళ్ళి వాసన చూసేవాళ్ళు. టీ తప్ప ఇంకోటి ముట్టని మనిషి! ఆ పేరు వచ్చింది టైట్రేషన్ వల్ల. బ్యూరెట్ అని ఒక పొడవాటి గాజు గొట్టం ఉంటుంది, కింద చిన్న కుళాయితో. దాన్లోంచి ద్రావణాన్ని కింద ఫ్లాస్కులోకి చుక్కచుక్కగా వదలాలి. ఒకచోట, సరిగ్గా ఒక్క చుక్కకి, కింద రంగు మారుతుంది. అక్కడ ఆగాలి. ఇంకో చుక్క పడిందా, చేసిందంతా పారబోసుకుని మళ్ళీ మొదటికి రావడమే. ఆ చుక్క దగ్గర ఆగడం పుస్తకం చదివితే రాదు. నన్ను నమ్మండి, నేను చాలా పుస్తకాలు చదివాను.

ఆయన పద్ధతి ఆయనది. మొదటి వారమంతా పిల్లలకి మంచినీళ్ళే ఇచ్చేవారు. “నీళ్ళు ఆపలేనివాడు యాసిడ్ ఏం ఆపుతాడయ్యా!” అనేవారు. బ్యూరెట్ నిండా నీళ్ళు పోయించి, కళ్ళు మూసుకుని, చుక్క పడే చప్పుడు లెక్కపెట్టమనేవారు. ఎడమ చెయ్యి వెనకనుంచి చుట్టి కుళాయి పట్టుకోవాలి, కుడిచెయ్యి ఫ్లాస్కు తిప్పుతూ ఉండాలి, మనసు రెండు చేతుల్లోనూ ఉండాలి. “తొందరగలవాళ్ళు బయటికెళ్ళి పరిగెత్తండి, గ్రౌండు ఖాళీగానే ఉంది” అని ఆయన అంటే క్లాసంతా నవ్వేది.

నేనూ ఆ కాలేజీలోనే చదివాను. మొదటి వారంలోనే కుళాయి బిగించబోయి బ్యూరెట్ పుటుక్కున విరగ్గొట్టాను. ఏడుపొక్కటే తక్కువ. ఆయన చీపురుతో ముక్కలు ఊడ్చి, “చెయ్యి తెగిందా? లేదు కదా. ఇంకోటి పట్టుకో మరి” అన్నారు. వెనక నిలబడి నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని మరీ నేర్పారు. ఆఖరి పరీక్షలో ప్రాక్టికల్స్‌కి నాకు యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి. ఆ పోయిన ఒక్క మార్కు గురించి నాకంటే ఆయనే ఎక్కువ బాధపడ్డారు.

పై చదువులయ్యాక నేను అదే కాలేజీకి లెక్చరర్‌గా వచ్చాను. మొదటి రోజు ల్యాబ్‌లో అడుగు పెట్టగానే ఆయన చేతులు తుడుచుకుని, “నమస్తే సార్” అన్నారు.

“అదేంటి మాష్టారూ, నన్ను సార్ అంటారేంటి? ఎప్పటిలాగే ఒరేయ్ అనండి.”

“పిల్లల ముందు బావుండదు సార్. మీకు మేం మర్యాద ఇవ్వకపోతే వాళ్ళెందుకిస్తారు?”

ఇక్కడ నా బండారం కాస్త బయటపెట్టుకోవాలి. టైంటేబుల్లో ప్రాక్టికల్స్‌కి ఎదురుగా నా పేరుండేది. ల్యాబ్‌లో మాత్రం నేనుండేవాణ్ణి కాదు. కొత్తలో ఓ అరగంట నిలబడేవాణ్ణి. “మీరెళ్ళండి సార్, పేపర్లు దిద్దుకోవాలి కదా, నేను చూసుకుంటాను” అనేవారాయన. వినడానికి ఎంత తియ్యటి మాట! అరగంట పది నిమిషాలైంది, ఆ పది నిమిషాలూ పోయాయి. స్టాఫ్‌రూమ్‌లో టీ, చదరంగం. గంట కొట్టే ముందు వెళ్ళి రికార్డు పుస్తకాల మీద బరబరా సంతకాలు. పద్దెనిమిదేళ్ళు! పని ఆయనది, సంతకం నాది. నేనొక్కణ్ణే కాదు, మా డిపార్టుమెంటులో నలుగురమూ ఇదే బాపతు. అయినా మిగతా ముగ్గురూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కాదు.

బండి అలా సాగిపోతుండగా ఉన్నత విద్యలో సంస్కరణలు వచ్చాయి. నూట పద్నాలుగు పేజీల పుస్తకం. రాసినవాళ్ళు దుర్మార్గులని నేననను. మంచి బుద్ధితోనే రాశారు. ఇరవై రెండో పేజీలో ఏముందంటే, డిగ్రీ లేకపోయినా ఏళ్ళ తరబడి ల్యాబుల్లో పిల్లలకి పని నేర్పినవాళ్ళని ఇన్‌స్ట్రక్టర్లుగా గుర్తించాలి, అరవై ఐదేళ్ళ దాకా ఉంచాలి. డిపార్టుమెంటు హెడ్ ‘ఈయన నేర్పారు’ అని రాసిస్తే చాలు. గుర్తింపు రాని వాళ్ళ పోస్టులు, అంటే కడిగేవీ తుడిచేవీ, ఆ విద్యా సంవత్సరం చివరితో రద్దు. ఇక ఎనభై ఒకటో పేజీలో ఏముందంటే, కాలేజీల్లో బోధించేది డిగ్రీలున్నవాళ్ళే అయ్యుండాలి. అర్హత లేనివాళ్ళతో చెప్పించినట్టు తేలితే ఆ కోర్సు మూసేస్తారు. పిల్లలకి సరైన చదువు అందాలనే అదీ రాశారు. రెండూ మంచి మాటలే. ఈ పేజీ రాసినాయన ఆ పేజీ చదవలేదు, అంతే.

చుక్క మాష్టారికి ఇరవై రెండో పేజీ మాత్రమే తెలుసు. మందుల షాపులో పనిచేసే కూతురు ఆయనకి చదివి చెప్పిందట. ఫారం తనే నింపి, తడి అంటకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ ఏడాది హెడ్‌ని నేనే. ఆయన వచ్చి ఆ కవరు నా టేబుల్ మీద పెట్టారు.

“ఇన్నాళ్ళకి పైవాళ్ళకి కళ్ళు తెరుచుకున్నాయి సార్. మీరొక్క ముక్క రాసిస్తే చాలట. లేకపోతే ఈ వేసవికే ఇంటికెళ్ళిపోవాలి.” గొంతు తగ్గించి మళ్ళీ అన్నారు, “ఇంట్లో అప్పుడే వెక్కిరింతలు మొదలెట్టారు సార్. ‘ఇన్‌స్ట్రక్టర్ గారూ, కాస్త ఆ బకెట్టు అందుకోండి’ అంటోంది మా ఆవిడ.”

“దాందేముంది మాష్టారూ, రేపే రాసిస్తాను” అన్నాను. అన్నప్పుడు నిజంగానే రాద్దామనుకున్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచారు. ఎనభై ఒకటో పేజీ కింద పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టుకున్నారు. “ఆయన నేర్పారని మీరు రాస్తే, మీరు నేర్పలేదని మీరే రాసిచ్చినట్టు. ఆలోచించారా? కోర్సు పోతుంది. మీరు నలుగురూ చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారు. నూట ఇరవై మంది పిల్లలు ఎక్కడికెళ్తారు?”

“మరి ఆయన సంగతో?”

“పుస్తకం నేను రాయలేదు. హెడ్డు మీరు. సంతకం మీది.”

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అయిపోయింది నా బతుకు. పిల్లల కోసం తప్పదని నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం! నాకు భయం వేసింది నా పద్దెనిమిదేళ్ళ సంతకాల గురించి. అవి ఎవరైనా తిరగేస్తే, రోజూ మధ్యాహ్నం రెండింటికి నేనెక్కడున్నానని అడుగుతారు కదా. ఆ సాయంత్రమే కూర్చుని రాశాను: ‘సదరు వ్యక్తి గాజు సామాను శుభ్రపరచుట మాత్రమే చేయుచున్నారు. విద్యార్థులకు ఎన్నడూ బోధించి యుండలేదు.’ రాస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు. వణికిందని చెప్పుకుంటే కాస్త బావుండేది.

ఆయనతో “పంపించేశాను మాష్టారూ” అన్నాను. ఏం పంపానో చెప్పలేదు. ఆ రోజు ఆయన నాకు క్యాంటీన్ నుంచి టీ తెప్పించారు. తాగాను కూడా.

నెలన్నర తర్వాత జవాబు వచ్చింది. గుర్తించలేమని ఒక కాగితం, దాని వెనక గుండుసూదితో నా సర్టిఫికెట్ నకలు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి రెండూ చదువుతుంటే, నేను తలుపు దగ్గర తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. రెండో కాగితం ఆయన రెండుసార్లు చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. “రెండో బ్యాచ్ వచ్చే టైమైంది సార్” అన్నారు. తిట్టినా బావుండేది. చెంప మీద ఒక్కటి ఇచ్చినా హాయిగా ఉండేది.

ఆ బ్యాచ్‌లో ఒకమ్మాయి ఎప్పటిలాగే, “మాష్టారూ, ఇక్కడ ఆపనా?” అని కేకేసింది.

“సార్‌ని అడగమ్మా. నేను కడిగేవాణ్ణి” అన్నారాయన. ఎత్తిపొడుపుగా కాదు, మామూలుగానే అన్నారు. అని తొట్టి వైపు తిరిగారు.

ఇరవై ఎనిమిది మంది నా వైపు చూశారు. బ్యూరెట్ అందుకున్నాను. చెయ్యి మర్చిపోయింది. కుళాయి కొంచెం తిప్పాననుకున్నాను, బొళక్కున పడి ఫ్లాస్కంతా ముదురు గులాబీ రంగైపోయింది. లేత రంగు రాగానే ఆగాలి. పారబోసి మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. మూడోసారి చేస్తుంటే వెనక వరుసలోంచి ఎవడో, “సార్‌కి మొదటి వారం నీళ్ళు ఇవ్వలేదేమోరా” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. గదిలో నవ్వనిది ఆయనొక్కరే.

ఇక ఆ టర్మంతా అదే భాగోతం. నాకు రాదు, ఆయన చెప్పరు. పిల్లలు ఊరుకుంటారా? ఎవడో ఒకడు నోటికొచ్చిన అంకె వేస్తే అందరూ అదే ఎక్కించారు. పాయింటు తేడా లేకుండా ఇరవై ఎనిమిది మందికీ ఒకే రీడింగు! నేను కిక్కురుమనకుండా సంతకాలు పెట్టాను. తనిఖీకి వచ్చిన కమిటీ ఆ రికార్డులు చూసి, ఇంత కచ్చితత్వం ఎక్కడా చూడలేదని మెచ్చుకుని, మంచి గ్రేడు ఇచ్చి వెళ్ళింది.

ఒకరోజు సిగ్గు విడిచి ఆయన దగ్గరికి వెళ్ళాను. “మాష్టారూ, పిల్లలు నష్టపోతున్నారు. ఎవరూ లేనప్పుడైనా కాస్త చూపించకూడదా?”

ఆయన పిపెట్‌లు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసుకుంటున్నారు. “నాకు మాత్రం ఊరుకోవడం చేతనవుతోందా సార్? చేతులు లాగుతున్నాయి. కానీ కాగితం మీద ఒకటుండి, ఇక్కడ ఇంకోటి కనబడితే మీకే మాటొస్తుంది” అన్నారు. తన గొయ్యి తవ్వినవాడికి మాట రాకూడదని నోరు కట్టుకున్నాడాయన! నేను గంట కొట్టారా అని అడిగి బయటికొచ్చేశాను.

మా ఆవిడకి ఆ సాయంత్రం సగం చెప్పాను. ప్రిన్సిపాల్ రాయమన్నారన్నట్టు చెప్పాను. ఆవిడ అలాంటివాటికి పడే మనిషి కాదు. “ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్యానా?” అంది. “మీ చేత అక్షరం పలికించిన మనిషి అంటారు కదండీ ఆయన్ని, పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను.” ఆ రోజు నాకు అన్నం వడ్డించి తను అవతలి గదిలోకి వెళ్ళి కూర్చుంది.

టర్ము చివర్లో ఆయన కూతురు నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చింది. షాపు నుంచి సరాసరి వచ్చినట్టుంది, మెళ్ళో గుర్తింపు కార్డు అలాగే ఉంది. సర్టిఫికెట్ నకలు నా ముందు పెట్టింది.

“ఇది మీ సంతకమేనాండీ?”

“అవునమ్మా.”

“మా నాన్న ఇంట్లో మీ గురించి ఏమంటారో తెలుసా? ‘నా చేతుల్లో తయారైన బిడ్డ’ అంటారు. మీకు సిగ్గనేది ఉందా అసలు?” కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా గొంతు తగ్గించలేదు. “ఆయనకి చెప్పకుండా నేనే అప్పీలు చేశాను. విచారణకి ఆఫీసరు వస్తున్నాడు. ఆయన ముందు మీరేం చెప్తారో చూస్తాను.”

విచారణ రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ గట్టిగా తీర్మానించుకున్నాను. చెప్పేస్తాను. ఆయనే నేర్పారు, నాక్కూడా ఆయనే నేర్పారు, నేను రాసింది అబద్ధం, ఏం చేసుకుంటారో చేసుకోండి అంటాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆ మాటలు పైకే అనుకున్నాను. ఆయన పోస్టు రద్దవడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఇదే ఆఖరి అవకాశం.

ఆఫీసరు పదకొండింటికి ల్యాబ్‌కే వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. అలసిపోయి ఉన్నాడు, అది ఆ వారంలో ఏడో కాలేజీ అట. స్టూలు మీద కూర్చుని ఫైలు బల్ల మీద పరిచాడు. నన్నూ మాష్టార్నీ ఎదురుగా నిలబెట్టాడు. కూతుర్ని లోపలికి రానివ్వలేదు, ఆ అమ్మాయి వరండాలో ఉండిపోయింది.

“పెద్దాయనా, ముందే చెప్తున్నాను, అర్థం చేసుకోండి” అన్నాడు. “పిల్లలకి మీరే నేర్పారని చెప్పండి, నేను రాసుకుంటాను. ఆ పిల్లల్ని నలుగుర్ని అడిగితే తేలిపోతుంది. మీకు పోస్టు వస్తుంది. కానీ అప్పుడు ఈ సర్టిఫికెట్ తప్పుడుదవుతుంది. దీని మీద సంతకం పెట్టినాయన ఉద్యోగం పోవచ్చు. నేను ఆపినా ఆగదు. ఇప్పుడు చెప్పండి, మీరు నేర్పారా లేదా?”

ఉద్యోగం అన్న మాట వినగానే పొద్దున అనుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో! మాష్టారు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి. లేదు. నేను నోరు తెరుస్తానేమోనని ఆగారు, అంతే. తొందరపెట్టకుండా, నాకు కావలసినంత సమయం ఇచ్చారు. ఒకసారి పెదాలు తడుపుకున్నాను. తొట్టిలో కుళాయి కారుతోంది. నేను నేల చూపులు చూశాను.

“నేను కడిగేవాణ్ణండీ” అన్నారాయన ఆఫీసరుతో. “నేర్పడానికి నాకేం వచ్చని?”

“మరి ఈ అప్పీలు?”

“అమ్మాయి పంపింది. దానికి తండ్రి మీద ప్రేమెక్కువ. ఏమనుకోకండి.”

ఆఫీసరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏదో అడగబోయి, గడియారం చూసుకుని, వాంగ్మూలం రాయడం మొదలెట్టాడు. రాసి ముందుకు జరిపాడు. “చదువుకుని సంతకం పెట్టండి.”

మాష్టారు జేబు తడుముకున్నారు. “కళ్ళజోడు కాడ విరిగితే రిపేరుకిచ్చానండీ. సార్, మీరు కాస్త చదివి పెట్టండి.”

కావాలని అన్నారేమోనని ఆయన మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే కళ్ళజోడు లేదు. కాగితం తీసుకుని చదవడం మొదలెట్టాను.

“నేను ఈ ప్రయోగశాలలో ముప్పై తొమ్మిది సంవత్సరాలుగా పనిచేయుచున్నాను.”

“ఊఁ.”

“గాజు సామాను శుభ్రపరచుట తప్ప నేను వేరొక పని చేసియుండలేదు.”

“ఊఁ.”

“నేను ఇచ్చట ఏ విద్యార్థికీ ఎన్నడూ ఏమీ…”

కాగితం మీద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి, నోరు పలకడం లేదు. ఆఫీసరు పెన్ను ఆపి తలెత్తాడు.

“‘నేర్పలేదు’ అనుంటుంది సార్” అన్నారు మాష్టారు మెల్లగా, క్లాసులో మాట తడబడిన కుర్రాడికి అందించినట్టు. “అనండి.”

“నేర్పలేదు” అన్నాను.

సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంటే వేలితో చూపించాను. పెట్టారు. ఆఫీసరు ఫైలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

మేమిద్దరం వరండాలోకి వచ్చేసరికి ఆ అమ్మాయి ఒక్క అంగలో నా ముందుకొచ్చి నిలబడింది. “ఏం చెప్పారు మీరు?” అని అడిగింది. వెనకనుంచి ఆయనే అందుకున్నారు.

“సార్ నా తరఫున చాలా గట్టిగా మాట్లాడారే అమ్మా. తన ఉద్యోగం పోయినా పర్లేదన్నారు. రూల్సే ఒప్పుకోవట, ఆయన మాత్రం ఏం చేస్తారు? వెళ్దాం పద.”

ఆ పిల్ల మొహం ఒక్కసారిగా మారిపోయింది. తండ్రి వైపు చూసి, నా వైపు చూసి, రెండు చేతులూ జోడించింది. “మిమ్మల్ని అనరాని మాటలన్నానండీ. పెద్ద మనసు చేసుకుని క్షమించండి” అంది.

“పర్లేదమ్మా” అన్నాను.